ఉచితము వేరు, హక్కు వేరు

ఏలూరిలోని యొక పఠనమందిరమువారు ఇరువది యేండ్ల క్రిందట వెలువరించిన వార్షిక సంచికను మరల ముద్రింపదలచి, భద్రపరచిన ప్రతిని కంప్యూటరులో తెరచి చూచిరి. తెరపై కనబడినది తెలుగు కాదు. రోమను అక్షరములును, చుక్కలును, కొక్కెములును కలగలిసిన పిచ్చిగీతలు. ఆ సంచికను కూర్చిన నాడు వాడిన తెలుగు ఫాంటు ఒక వ్యాపారసంస్థ అమ్మినది. ఆ సంస్థ నేడు లేదు. ఏ గుర్తు ఏ తెలుగక్షరమునకు నిలిచినదో తెలుపు పట్టిక ప్రకటింపబడలేదు. ఫాంటును విప్పి చూచుటకుగాని, మార్చుటకుగాని, వేరొకరికిచ్చుటకుగాని కొనినవారికి అనుమతి లేదు. కడకు ఇద్దరు విద్యార్థులు ముద్రితప్రతిని ముందు పెట్టుకొని మొదటి పుట నుండి చివరి పుట వరకు మరల కొట్టవలసి వచ్చినది. డబ్బిచ్చి కొనిన సరకే; రసీదును కలదు. కాని రసీదు హక్కు కాదు.

ఈ చిన్న సంగతిని మేమిచ్చట పేర్కొనుటకు కారణము కలదు. ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరును రచించువారికిని, దానిని కూర్చి లోకమునకు పంచు పంపిణీ సంస్థలకును లైసెన్సుల విషయమున పాతికేండ్లకు పైగా వివాదములు జరుగుచున్నవి. మన పట్టణములలోని విద్యావంతులు వీనిని విని, "ఉచితముగా దొరకు వస్తువునకు షరతులేల? తగవులేల?" అని నవ్వి యూరకుందురు. మా మిత్రులైన న్యాయవాదులలో సైతము ఈ మాట ననువారు కలరు. ఈ యుదాసీనత తగదనియు, ఆ తగవులలో తెలుగు అక్షరముల భవిష్యత్తు ఇమిడియున్నదనియు మా యభిప్రాయము. ఉచితముగా దొరకుట వేరు. హక్కుగా నుండుట వేరు. ఈ భేదమును కాపాడుటకొరకే ఆ తగవులలో అధికభాగము పుట్టినవి.

మొదట విషయమును తెలిసికొందము. సాఫ్ట్‌వేరునకు రెండు రూపములు కలవు. ఒకటి మనుష్యుడు చదివి దిద్దుకొనదగిన మూలపాఠము. రెండవది యంత్రము నడపుకొను రూపము. వ్యాపారులు సాధారణముగా రెండవదానిని మాత్రమే యిచ్చి, మొదటిదానిని తమ పెట్టెలో దాచుకొందురు. ఓపెన్ సోర్సు రచయిత మూలపాఠమును గూడ నిచ్చి, వాడుకొనుటకు, చదివి తెలిసికొనుటకు, మార్చుకొనుటకు, ఇతరులకు పంచుటకు అనుమతి వ్రాసి యిచ్చును. ఆ వ్రాతయే లైసెన్సు. రిచర్డు స్టాల్మను 1989లో ప్రకటించిన గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు, అనగా జీపీఎల్, ఇట్టి పత్రములలో ప్రధానమైనది. నీవు పొందిన హక్కులనే నీ తరువాతివానికిని ఈయవలెననునది దాని సారము. బీఎస్‌డీ, ఎమ్‌ఐటీ వంటి లైసెన్సులకు అట్టి నిర్బంధము లేదు. రచయిత కాపీరైటు చీటిని, అనుమతి వాక్యమును నిలిపిన చాలును.

ఒక్కొక్క రచనను ఒక్కొక్కరు వ్రాయుదురు. వేలకొలది రచనలను ఏరి, పరీక్షించి, ఒకదానితో నొకటి పొందుపరచి, సామాన్యుడు తన కంప్యూటరులో నెక్కించుకొనునట్లు చేయునది పంపిణీ సంస్థ. డెబియను, ఫెడోరా, ఉబుంటు మున్నగునవి యిట్టివి. రచయిత గ్రంథకర్త వంటివాడైనచో పంపిణీ సంస్థ గ్రంథాలయము వంటిది. అయితే ఈ గ్రంథాలయమున కొక కఠిననియమము కలదు. బీరువాలో పెట్టు ప్రతి గ్రంథమునకు ఎవరైనను ప్రతి తీసికొనవచ్చును, దిద్దుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. అట్టి హక్కు నీయని గ్రంథమునకు ప్రధాన భాండారమున చోటు లేదు. 1993లో ఇయాన్ మర్డాకు స్థాపించిన డెబియను, 1997లో సామాజిక ఒప్పందమను పత్రమును ప్రకటించి, ఏ లైసెన్సు స్వేచ్ఛాలైసెన్సగునో నిర్ణయించు సూత్రములను అందు చేర్చినది. మరుసటి సంవత్సరము వెలువడిన ఓపెన్ సోర్సు నిర్వచనమునకు ఆ సూత్రములే యాధారము.

ఈ సూత్రములను అమలుపరచుటలో పంపిణీ సంస్థలు చూపు పట్టుదల పైకి చాదస్తముగా దోచును. డగ్లస్ క్రాక్‌ఫర్డు అను ప్రసిద్ధ రచయిత సాధారణమైన లైసెన్సునే తీసికొని, తన సాఫ్ట్‌వేరును మంచికి వాడవలెనేగాని చెడునకు వాడరాదను వాక్యము నొకదానిని దానికి జోడించెను. ఇంతకంటె సద్భావము గల షరతేమి యుండును? అయినను డెబియనుగాని ఫెడోరాగాని దానిని స్వేచ్ఛాలైసెన్సుగా నంగీకరింపలేదు. ఏలన, మంచి యేదో చెడు యేదో తీర్పు చెప్పువాడెవడు? కొల్లేటిలో చేపలచెరువు త్రవ్వినవాడు తాను పదిమందికి పని కల్పించితినని చెప్పును. వలసపక్షులను కాచువాడు సరస్సును చంపితివనును. ఇరువురును మంచియే చేయుచున్నామని నమ్ముచున్నారు. ఒక రచయిత మనస్సాక్షిని ఎరుగని దేశములో, ఎరుగని వాడుకరి మెడకు తగిలించుట హక్కునిచ్చుట కాదు. హక్కునిచ్చినట్లే యిచ్చి త్రాటి కొనను తన చేతిలో నుంచుకొనుట.

ఇదే దోషము మన యింటను కలదు. శ్రమపడి తెలుగు ఫాంటులను రూపొందించి, వెల లేకయే ప్రజలకిచ్చు మహనీయులలో కొందరు "వ్యాపారేతర వినియోగమునకు మాత్రమే" యని యొక పంక్తి చేర్చుచుందురు. తమ కష్టమును వ్యాపారులు దోచుకొనరాదని వారి యుద్దేశము. ఆ యుద్దేశమున తప్పు లేదు. కాని ఫలితమేమి? పవరుపేటలో పెండ్లి శుభలేఖలు కూర్చి పొట్ట పోసికొను చిన్న ముద్రాపకుడు వ్యాపారియే. కచేరీ యెదుట బల్ల వేసికొని పుటకింతయని అర్జీలు కొట్టియిచ్చు కుర్రవాడును వ్యాపారియే. చందాతో నడచు చిన్న వారపత్రికయు వ్యాపారమే. వీరందరును ఆ యొక్క పంక్తిచే అనుమతి లేనివారగుదురు. పంపిణీ సంస్థ ఆ ఫాంటును తన ప్రధాన భాండారమున చేర్చుకొనజాలదు. పెద్ద వ్యాపారికి దీనివలన నష్టము లేదు. అతడు వేరొక ఫాంటును కొనుక్కొని సుఖముగా నుండును. వలలో చిక్కినది చిన్న చేపయే.

దీనికి మారుగా సరియైన త్రోవ త్రొక్కినవారును మనలో కలరు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు తాము రూపొందించిన పోతన, వేమన ఫాంటులను జీపీఎల్ క్రింద విడుదల చేసిరి. అందుచేతనే అవి డెబియనులోను, ఫెడోరాలోను స్థానము పొందగలిగినవి. సిలికాన్ ఆంధ్ర సంస్థ పూనికతో వెలువడిన మండలి, గిడుగు, గురజాడ, ధూర్జటి, పెద్దన మొదలగునవి ఓపెన్ ఫాంటు లైసెన్సు క్రింద వచ్చినవి. డెబియనులో అవి "తెలుగువిజయం" అను పేర నొక మూటగా చేర్చబడినవి. రెడ్‌హ్యాట్ సంస్థ పోషించిన లోహిత్ ఫాంటులు మొదట జీపీఎల్ క్రింద నుండి, 2011లో ఓపెన్ ఫాంటు లైసెన్సునకు మార్చబడినవి.

ఈ ఓపెన్ ఫాంటు లైసెన్సు నిబంధనలను మన కళాకారులు శ్రద్ధగా చదువవలెను. ఫాంటును ఎవరైనను ఏ పనికైనను, వ్యాపారమునకైనను, వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును. కాని ఫాంటును ఒంటరిగా అమ్మరాదు. సాఫ్ట్‌వేరుతో చేర్చి మాత్రమే అమ్మవచ్చును. మార్చినవాడు రచయిత తనకొరకు ప్రత్యేకించుకొన్న పేరును వాడరాదు. మార్చిన రూపమును ఆ లైసెన్సు క్రిందనే విడువవలెను. ఆ ఫాంటుతో కూర్చిన పుస్తకమునకుగాని శుభలేఖకుగాని ఈ షరతులంటవు. దోపిడిని గూర్చిన రచయిత భయమునకు ఇందు సమాధానము కలదు. శుభలేఖల ముద్రాపకునకు స్వాతంత్ర్యమును కలదు. ఒక్క పంక్తి షరతును తోచినట్లు వ్రాసికొనుటకును, అనుభవజ్ఞులు ఆలోచించి కూర్చిన పత్రమును వాడుటకును గల తేడా యిది. మఱియొక లాభమును కలదు. కేంద్రప్రభుత్వ సంస్థయగు సీ-డాక్ నిర్మించిన బాస్ అను పంపిణీ డెబియను పునాదిపై లేచినది. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ సంస్థవారు గ్నూ లినక్సును తెలుగు చేయుటకు పాటుపడిరి. పెద్ద భాండారమున నొకమారు చేరిన తెలుగు ఫాంటు ఎవరి యనుమతికిని నిలువక యిట్టి వారందరికిని చేరును. ప్రధాన కాలువలో నీరున్నచో పిల్లకాలువలకు వేరుగా తోడిపోయ నక్కరలేదు.

ఇక తగవుల చరిత్రను చూతము. లినక్సు కంప్యూటరు తెరను సామాన్యునకు సులభము చేయుటకై 1996లో కేడీఈ అను ఉద్యమమారంభమైనది. దాని సాఫ్ట్‌వేరు జీపీఎల్ క్రిందిది. కాని అది నార్వే దేశపు ట్రోల్‌టెక్ సంస్థవారి క్యూట్ అను మూలవస్తువుపై నిర్మింపబడినది. ఆ క్యూట్ లైసెన్సునకును జీపీఎల్‌కును పొత్తు కుదరలేదు. 1998లో డెబియను కేడీఈని తన భాండారము నుండి తొలగించినది. అంత చక్కని వస్తువును కాగితపు చిక్కు కొరకు బయట పెట్టుదురా యని నిందించినవారు పెక్కుమంది. కాని రెండేండ్లలో ఫలితము కనబడినది. 2000 సెప్టెంబరులో ట్రోల్‌టెక్ క్యూట్‌ను జీపీఎల్ క్రింద కూడ విడుదల చేసినది. డెబియను గ్రుడ్డి కన్ను వేసి యూరకున్నచో ఆ మార్పు అంత త్వరగా వచ్చియుండెడిది కాదని మా విశ్వాసము. కాదనుటయు నొక్కొక్కప్పుడు సేవయే.

రెండవది పేరును గూర్చిన తగవు. మొజిల్లా సంస్థవారి ఫైర్‌ఫాక్సు మూలపాఠము స్వేచ్ఛాలైసెన్సు క్రిందిది. కాని దాని చిహ్నము అట్టిది కాదు. డెబియను ఆ చిహ్నమును విడిచి, తన దిద్దుబాట్లతో, ఫైర్‌ఫాక్సు అను పేరనే పంచుచుండెను. చిహ్నము లేనిదే పేరు వాడరాదనియు, దిద్దుబాట్లను తమకు చూపి యంగీకారము పొందవలెననియు 2006లో మొజిల్లావారు పట్టుబట్టిరి. డెబియను లొంగలేదు, దొంగతనముగా పేరును వాడనులేదు. ఆ వస్తువునకే ఐస్‌వీజిల్ అని క్రొత్త పేరు పెట్టి పంచినది. పదేండ్లు గడచిన పిమ్మట, 2016లో, ఉభయులును సమాధానపడగా పాత పేరు తిరిగి వచ్చినది. ఇందు ఎవరు గెలిచిరని యడుగుట వ్యర్థము. వాడుకరి ఆ పదేండ్లలో నొక్కదినమైనను వస్తువును కోల్పోలేదు. రచయిత పేరును చెడలేదు. మార్చినదానికి వేరు పేరు పెట్టవలెనని రచయిత కోరవచ్చునని డెబియను సూత్రములే యొప్పుకొనుచున్నవి. పేరు రచయితది, వస్తువు అందరిది. ఈ విభాగము కుదిరినచోట తగవు విషము కాదు.

మూడవది రెండు మంచి పత్రములకే పొసగని చిక్కు. సన్ సంస్థ రచించిన జెడ్‌ఎఫ్‌ఎస్ అను నిల్వసాధనము సీడీడీఎల్ అను లైసెన్సు క్రిందిది. లినక్సు జీపీఎల్ క్రిందిది. రెండును స్వేచ్ఛాలైసెన్సులే. అయినను రెంటిని కలిపి యొక వస్తువుగా పంచవచ్చునా? 2016లో ఉబుంటువారు పంచవచ్చునని తమ న్యాయవాదుల సలహాపై పంచిరి. అది జీపీఎల్‌కు భంగమని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ ప్రకటించినది. డెబియను మధ్యేమార్గము పట్టి, మూలపాఠమును మాత్రమే యిచ్చి, కలుపుకొను పనిని వాడుకరి యింటికే విడిచినది. విస్తరిలో వేరువేరుగా వడ్డించుటకు దోషము లేదుగాని, కలిపి పెట్టుటకే ఆక్షేపణయన్నమాట. నవ్వు వచ్చినను ఇందొక హెచ్చరిక కలదు. ప్రతివాడును తనకు తోచిన లైసెన్సును క్రొత్తగా కల్పించుకొన్నచో, రేపు రెండు తెలుగు సాధనములను కలుపుకొనుటకు న్యాయవాదుల ఫీజు చెల్లింపవలసి వచ్చును. మా వృత్తివారికిది లాభమే, తెలుగునకు నష్టము.

పంపిణీ సంస్థల తప్పులను కప్పిపుచ్చుటకు మేము పూనుకొనలేదు. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రచయిత జేమీ జవిన్‌స్కీ 2016లో డెబియనుపై చేసిన ఆక్షేపణ వినదగినది. తాను ఏనాడో సవరించిన లోపములు గల పాతరూపమును ఆ సంస్థ సంవత్సరములకొలది పంచుచుండగా, దానిని వాడువారు ఫిర్యాదులను తనకు పంపుచున్నారని అతని మొర. తన వస్తువు పాతబడినదని తెరపై హెచ్చరిక కనబడునట్లు చేసి, కడకు తన రచననే భాండారమునుండి తీసివేయుడని యతడు కోరెను. లైసెన్సు ప్రకారము పంచుటకు డెబియనుకు హక్కు కలదు, సందేహము లేదు. కాని హక్కున్నంత మాత్రమున మర్యాద తీరిపోదు. మార్చినవాడు మార్చితినని చెప్పవలెను. తన చేతిమీదుగా వెళ్లిన వస్తువుపై వచ్చు ఫిర్యాదును తాను ముందు వినవలెను. మంచి దిద్దుబాటును రచయితకు తిరిగి పంపవలెను. జీతము లేక రాత్రులు మేల్కొని పనిచేయు రచయితకు ఈ మాత్రపు కృతజ్ఞత చూపనివాడు స్వాతంత్ర్యమును గూర్చి యుపన్యసించుట శోభింపదు.

ఇప్పుడు అన్నిటికంటె గడ్డు ప్రశ్నకు వచ్చితిమి. పదిమంది చేతులు కలిసి పెంచిన వస్తువుపై కొన్నేండ్లకు యజమాని షరతులు మార్చినచో నేమి? 2018లో మాంగోడీబీ సంస్థ తన సాఫ్ట్‌వేరునకు ఎస్‌ఎస్‌పీఎల్ అను క్రొత్త లైసెన్సు పెట్టినది. ఆ సాఫ్ట్‌వేరును నలుగురికి సేవగా నడపి యిచ్చువాడు, ఆ సేవను నడపుటకు వాడు తన యితర సాధనముల మూలపాఠమునెల్ల ప్రకటింపవలెనని దాని షరతు. ఇది స్వేచ్ఛాలైసెన్సు కాదని 2019లో ఫెడోరా నిర్ణయించినది. డెబియనులోను దానికి చోటు దొరకలేదు. 2024 మార్చిలో రెడిస్ సంస్థయు పాత బీఎస్‌డీ లైసెన్సును విడిచిపెట్టినది. కొలది దినములలోనే దానికై పాటుపడినవారు పలువురు పాత మూలపాఠమును తీసికొని, లినక్సు ఫౌండేషను నీడన వాల్కీ అను పేర వేరుకాపురము పెట్టిరి. 2025 మే నెలలో రెడిస్ ఏజీపీఎల్ అను స్వేచ్ఛాలైసెన్సును మరల చేర్చినది. పోయినవారు మాత్రము తిరిగి రాలేదు.

ఈ యజమానుల మాట యేమి? "మేము విత్తితిమి, మేము నీరు పెట్టితిమి, పెద్ద పెద్ద క్లౌడు వ్యాపారులు వచ్చి, ఒక్క కాసు తిరిగి ఈయకుండ పంట కోసికొని పోవుచున్నారు" అని వారి మొర. ఇది అబద్ధము కాదు. మా కొల్లేటి ప్రాంతమువారికి ఈ మొర క్రొత్తయు కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరులు వచ్చి చేరు ఈ సరస్సు ఉప్పుటేటి ద్వారమున సముద్రమును కలియును. లంక గ్రామములవారికి అది తరతరముల జీవనము. 1970 దశకమున ప్రభుత్వము అచ్చటి పేదలకై సహకార సంఘములను నెలకొల్పి చేపలచెరువులకు భూమి నిచ్చినది. ఉద్దేశము మంచిది. కాని కాలక్రమమున సంఘము పేరు మాత్రము నిలిచి, చెరువులలో పెక్కు కౌలుపై పెట్టుబడిదారుల చేతికి పోయినవి. సంఘసభ్యుడు తన చెరువు గట్టుపైననే కూలివాడయ్యెను. క్లౌడు వ్యాపారులను చూచి సాఫ్ట్‌వేరు రచయిత పడు బాధ ఈ జాతిదే.

అయితే దానికి మందేమి? కొల్లేటిలో కౌలుదారులు లేపిన గట్లు నీటి దారినే యాపివేసినవి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడియు, 2002లో రామ్‌సార్ పట్టికకెక్కియు సరస్సు కోలుకొనలేదు. 2006లో ప్రభుత్వమే గట్లను కొట్టివేయవలసి వచ్చినది. దోపిడికి విరుగుడుగా మఱియొక గట్టు లేపుట సరస్సునకు మేలు కాదని మేము కన్నులార చూచితిమి. పైగా సాఫ్ట్‌వేరునకును సరస్సునకును ఒక ముఖ్యభేదము కలదు. నీరు తోడినకొలది తరుగును, సాఫ్ట్‌వేరు తరుగదు. ఒకడు తీసికొన్నచో రెండవవానికి తక్కువ కాదు. కావున రచయిత నష్టమును తీర్చవలసినది ధనముతోను, మద్దతుతోను. పదిమంది దారిని మూసి కాదు. దోపిడికి ముందుగానే వెరచువాడు మొదటనే జీపీఎల్, ఏజీపీఎల్ వంటి పరస్పర బాధ్యత గల లైసెన్సును ఎంచుకొనవలెను. అందరిని పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టి, సగము భోజనమైన పిదప విస్తరి లాగుట మర్యాద కాదు.

ఈ మాట రచయితలకే కాదు, పంపిణీ సంస్థలకును చెల్లును. 2023 జూనులో రెడ్‌హ్యాట్ తన వ్యాపారపు లినక్సు మూలపాఠమును అందరికిని బహిరంగముగా నిచ్చు పద్ధతిని మాని, కొనుగోలుదారులకు మాత్రమే యందునట్లు చేసినది. సెంటాస్ స్ట్రీమ్ అను ముందు రూపము మాత్రము బహిరంగముగా నిలిచినది. దానిని మరల కూర్చి పంచు ఆల్మా, రాకీ మున్నగు పంపిణీలు చిక్కున పడినవి. జీపీఎల్ కోరినది కొనినవానికి మూలపాఠము నిమ్మనుటయే గనుక అక్షరభంగము లేదని కొందరు, ఆత్మభంగము కలదని కొందరు వాదించిరి. తెలుగునకు లోహిత్ వంటి మేలు చేసిన సంస్థయే యిది; ఆ మేలును మరువరాదు. కాని మేలు చేసినవాడు గట్టు కట్టినను గట్టు గట్టే.

న్యాయవాదులము గనుక చట్టమును గూర్చియు రెండు మాటలు చెప్పవలసియున్నది. మన 1957 నాటి కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతిగా పరిగణించును. రచయిత ఏమియు వ్రాయనిచో సర్వహక్కులును అతనివే. ఎదుట పడవేసినంత మాత్రమున వస్తువు ప్రజలది కాదు. 30వ విభాగము ప్రకారము లైసెన్సు వ్రాతమూలముగా నుండవలెను. ఇంతకంటె ముఖ్యమైనది, పలువురెరుగనిది, మఱియొకటి కలదు. హక్కుల బదిలీని గూర్చిన 19వ విభాగమును 30ఏ విభాగము లైసెన్సులకును వర్తింపజేయుచున్నది. దాని ప్రకారము కాలము వ్రాయనిచో 5 సంవత్సరములనియు, ప్రదేశము వ్రాయనిచో భారతదేశము మట్టుకేననియు భావింపబడును. లోకప్రసిద్ధములైన లైసెన్సులలోను కొన్ని కాలమును నోరు తెరచి చెప్పవు. అందరికిని బహిరంగముగా నిచ్చిన లైసెన్సునకు ఈ నియమము ఎంతవరకు తగులునో వాదించుకొనవచ్చును. కాని వాదమునకు తావిచ్చుటయే దోషము. "ఎవరైనను వాడుకొనవచ్చును" అని మాత్రమే వ్రాసి విడిచిన తెలుగు ఫాంటుపై, ఆరవ సంవత్సరమున రచయిత వారసుడు వ్యాజ్యమునకు వచ్చిన నాడు, దానితో అచ్చు వేసిన బడిపుస్తకముల గతి యేమి?

షరతు మీరినవానిపై న్యాయస్థానము చేయి చాపునా యను సందేహమును కొందరు వెలిబుచ్చుచుందురు. అమెరికా దేశమున బొమ్మరైళ్లను నడపు సాఫ్ట్‌వేరును గూర్చి జేకబ్‌సెన్, కాట్జర్ అనువారి నడుమ నడచిన వ్యాజ్యమున, ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పుచు, ఉచితముగా నిచ్చినంత మాత్రమున షరతులు ఉత్తమాటలు కావనియు, వానిని మీరుట కాపీరైటు భంగము కాగలదనియు నిర్ణయించినది. పరదేశపు తీర్పు మనకు శాసనము కాదుగాని యుక్తి యుక్తియే. వెల లేని వస్తువునకును విలువ కలదు.

కాగా మేము చెప్పవచ్చినది యిది. తగవు వచ్చినపుడు రచయిత పక్షమా, పంపిణీ సంస్థ పక్షమా యని తొందరపడరాదు. ఇరువురిలో నెవరు గెలిచినచో మూడవవాడు, ఆ తగవున నోరులేనివాడు, నష్టపడునో చూడవలెను. ఆ మూడవవాడే పవరుపేట ముద్రాపకుడు. పాత సంచికను మరల కొట్టిన విద్యార్థి. ఇరువది యేండ్ల తరువాత మన వ్రాతలను తెరచి చూడబోవు మనుమడు. అతనికి వాడుకొను, చదువుకొను, దిద్దుకొను, పంచుకొను హక్కులు నిలుచునట్లు చూచినవారే న్యాయపక్షమువారు.

ఇందులకు మన యూళ్లలోనే చేయదగిన పని కలదు. 2015లో తాడేపల్లిగూడెమున నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులును, ఏలూరు కళాశాలల విద్యార్థులును తాము వ్రాయు ప్రతి తెలుగు సాధనముతోపాటు లోకము పరీక్షించి యంగీకరించిన లైసెన్సు నొకదానిని చేర్చవలెను. స్వంతముగా షరతులను కల్పింపరాదు. ఈ యనుమతి కాపీరైటు నిలిచియున్నంత కాలమును, లోకమంతటను చెల్లునని యొక వాక్యమును స్పష్టముగా తోడు చేయవలెను. మూలపాఠమును పంపిణీ సంస్థల భాండారమునకు పంపి, వారడిగిన ప్రశ్నలకు విసుగుకొనక బదులీయవలెను. పఠనమందిరములవారు తమ సంచికలను, దస్తరములను యూనికోడులో, స్వేచ్ఛాలైసెన్సు గల ఫాంటులతో మాత్రమే కూర్పించవలెను. ఫాంటులు చేసినవారికి, సాఫ్ట్‌వేరు వ్రాసినవారికి ఏడాదికొకమారైనను చందా పంపవలెను. వాడుకొని యూరకుండుట ఋణము. న్యాయవాదులు వారమున కొక గంట ఈ విద్యార్థుల పత్రములను ఉచితముగా చూచిపెట్టవలెను. మేమా పనికి సిద్ధముగా నున్నాము.

పొలము కొనునపుడు దస్తావేజును నలుగురిచేత చదివించి, సరిహద్దులు చూచి, రిజిస్ట్రారు కచేరీలో వ్రేలిముద్ర వేయించి తెచ్చుకొందుము. భాష మన పెద్దలు విడిచిన పొలము. దాని సరిహద్దులు నేడు లైసెన్సు పత్రములలో వ్రాయబడుచున్నవి. చదువక సంతకము చేయుదమా?